నాన్న గిటార్: తీగలు 9 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయి, అరగదీయించాలా?

లెక్కల టీచర్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. సంగీతం గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి కొలతలు మాత్రం సరిగ్గా ఇస్తాను, మిగతాది మీరు చెప్పండి.

మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తుంటే అటక మీద పాత బొంతల మధ్య నుంచి మా నాన్నగారి గిటార్ బయటపడింది. ఆయన రైల్వేలో పనిచేసేవారు. పండగ రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయించేవారట. "అట" అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే అది గోడ మేకుకి వేలాడుతోంది. ఆయన దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. గిటార్ నేర్చుకుంటానని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది. కొత్తది కొనకుండా దీన్నే బాగుచేయిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను.

వస్తువు వివరాలు. కలకత్తా సరుకు. లోపలి చీటీని సగం పురుగు తినేసింది. మామూలు గిటార్లకి ఉండే గుండ్రటి రంధ్రం లేదు, వయొలిన్‌కి ఉన్నట్టు రెండు వంకర కంతలున్నాయి. పైపలక కాస్త ఉబ్బెత్తుగా ఉంది. తీగలు కింది చివర ఒక ఇనప పట్టీకి తగిలించి ఉన్నాయి. తీగల కింద ఆనే చెక్క ముక్కకి, అంటే బ్రిడ్జ్‌కి, జిగురు పెట్టలేదు, తీగల ఒత్తిడికే నిలబడి ఉంది. దాన్ని ఎత్తడానికీ దించడానికీ రెండు చిన్న చక్రాలున్నాయి, కానీ తుప్పు పట్టి తిరగడం లేదు. పైపలక మీద కుడి పక్కన 11 సెంటీమీటర్ల పొడవున పగులు లాంటిది ఉంది. తీగలు బిగించే కీలు ఆరింటిలో ఒకదానికి ప్లాస్టిక్ బుడిపె విరిగిపోయింది, అది కటింగ్ ప్లయర్‌తో తిప్పితేగానీ తిరగదు.

అసలు బాధ తీగల ఎత్తు. స్టీలు స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లని ఫ్రెట్లంటారట. మొదటి ఫ్రెట్ దగ్గర ఫ్రెట్‌కీ తీగకీ మధ్య 8 మిల్లీమీటర్లు, పన్నెండో ఫ్రెట్ దగ్గర 9. నట్ (తల దగ్గర తీగలు ఆనే ముక్క) నుంచి పన్నెండో ఫ్రెట్‌కి దూరం 324 మిల్లీమీటర్లు. మా అమ్మాయి ఒక్క తీగ నొక్కి, వేలి మీద పడిన గాడి నాకు చూపించి, గిటార్ మంచం మీద పెట్టేసింది.

ఊళ్ళో ఒక షాపుకి పట్టుకెళితే ఆయన కనీసం చేతిలోకైనా తీసుకోలేదు. "మెడ వంగిపోయిందమ్మా, షోకేసులో పెట్టుకోండి, కొత్తది ఏడు వేలకి ఇస్తాను" అన్నాడు. మా బడి పక్కన వడ్రంగి ఒకతను "నట్టూ బ్రిడ్జీ ఆకురాయితో అరగదీసేస్తే దిగిపోద్దండి, పది నిమిషాల పని" అంటున్నాడు. ఆదివారం రమ్మన్నాను. రానివ్వనా, వద్దననా?

కూకట్‌పల్లి కార్డ్స్

అక్కా, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ 2.5, సన్న తీగ 2 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించొచ్చు. 9 అంటే అది గిటార్ కాదక్కా, బట్టలారేసే దండెం.

మెడలో ట్రస్ రాడ్, అంటే మెడని నిటారుగా ఉంచే ఇనప ఊచ, ఉందా చూడండి. తల దగ్గర చిన్న మూత కింద నట్టు బోల్టు లాంటిది కనిపిస్తుంది. ఉంటే దాన్ని బిగిస్తే మెడ కొంచెం నిటారుగా వస్తుంది. లేకపోతే మాత్రం డబ్బులు పోసినా వేస్ట్. బిగినర్ ఇలాంటిదాని మీద మొదలుపెడితే నెలలో మానేస్తారు, నా తమ్ముడు అట్లనే మానేసిండు. పాపకి సెకండ్ హ్యాండ్‌ది మంచిది చూద్దాం. దీనికి మాట్ బ్లాక్ స్ప్రే కొట్టి, లోపల సీరియల్ లైట్లు పెట్టి గోడకి తగిలించండి, మస్తుంటది. కంతల్లోంచి వెలుతురు వస్తుంది.

పాత మెట్లు (సికింద్రాబాద్)

టీచర్ గారూ, ముందు ఆ వడ్రంగికి ఫోన్ చేసి ఆదివారం రావద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదవండి.

చెప్పారా? సరే.

నేను ముప్పై ఏళ్ళుగా గిటార్లూ మాండలిన్లూ రిపేర్ చేస్తున్నాను. మీ పోస్టులో నాకు పనికొచ్చినవి ఆ రెండు అంకెలు. మెడ వంగితే తీగ ఎత్తు మధ్యలోనూ, శరీరం వైపూ పెరుగుతుంది. నట్ పక్కనే ఉన్న మొదటి ఫ్రెట్ దగ్గర పెరగదు, అక్కడ అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. మీకు అక్కడ 8 ఉంది. ఎంత వంగిన మెడైనా ఆ పని చెయ్యలేదు. ఎవరో కావాలనే నట్ దగ్గర తీగల్ని పైకి లేపారు.

మూడు చూసి చెప్పండి. ఒకటి, నట్ మీద ఇంకో ముక్క టోపీలా కూర్చుని ఉందా? ఇనుముదో ఇత్తడిదో, తీగలు దాని గాళ్ళలోంచి వెళుతూ ఉంటాయి. రెండు, బ్రిడ్జ్ పై అంచు. ఫ్రెట్ బోర్డు (మెడ మీద ఫ్రెట్లున్న పలక) గుండ్రంగా ఉండి, బ్రిడ్జ్ అంచు మాత్రం గీత గీసినట్టు చదునుగా ఉందా? మూడు, గిటార్‌తో పాటు బొటనవేలంత లావు, నాలుగంగుళాల లోపు పొడవున్న నున్నటి స్టీలు కడ్డీ ఏదైనా దొరికిందా?

పై రెండిటికీ అవునంటే, మీ చేతిలో ఉన్నది పాడైపోయిన గిటార్ కాదు. అది హవాయిన్ గిటార్. ఒళ్ళో పడుకోబెట్టి, తీగని నొక్కకుండా, పైన కడ్డీని జార్చుతూ వాయించేది. దానికి తీగలు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే కడ్డీ వెళ్ళి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. మీ వడ్రంగి అరగదీయబోయింది సరిగ్గా ఆ ఏర్పాటునే.

సీరియల్ లైట్ల తమ్ముడూ, నీతో తర్వాత మాట్లాడతా.

లెక్కల టీచర్ (రాజమండ్రి)

టోపీ ఉంది. ఇత్తడిది. నేను అంతా కలిపి ఒకటే నట్ అనుకున్నాను. పక్క నుంచి చూస్తే దాని కింద ఎముకలా తెల్లగా అసలు నట్ కనిపిస్తోంది. బ్రిడ్జ్ అంచు మీద స్కేలు నిలబెట్టాను, ఎక్కడా సందు లేదు. చదును.

కడ్డీ దొరకలేదు అని రాయబోతూ, ఎందుకైనా మంచిదని తాడేపల్లిగూడెంలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "నాన్న గిటార్ ఎలా వాయించేవారమ్మా?" అంటే, "ఎలా ఏమిటే, ఒళ్ళో పడుకోబెట్టుకుని. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు" అంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. గోడకి నిలువుగా వేలాడేదాన్ని చూసి నిలువుగానే పట్టుకుంటారనుకున్నాను.

కడ్డీ గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏలకులు దంచేది అదే కదే" అంది.

నిజం. మా వంటింట్లో నాకు తెలిసినప్పటి నుంచీ చిన్న రాతి కల్వంలో ఏలకులు దంచడానికి ఒక నున్నటి కడ్డీ ఉండేది. పాయసం చేసినప్పుడల్లా నేనే దంచేదాన్ని. అది ఇప్పుడూ అమ్మ దగ్గరే ఉంది, ఇప్పుడూ అదే పనిలో ఉంది.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. టోపీ కింద ఏముందో చూద్దామని తీగలన్నీ వదులు చేసేశాను. బ్రిడ్జ్ జారి కింద పడింది. ఎక్కడుండేదో గుర్తు పెట్టుకోలేదు. పిల్లలకి "ముందు పటం గీసుకోండర్రా" అని రోజూ చెప్పేదాన్ని నేనే.

కూకట్‌పల్లి కార్డ్స్

అక్కా, దండెం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఏలకుల కడ్డీ దగ్గర మాత్రం నాకు మాట పడిపోయింది.

బొబ్బిలి బాపతు (విశాఖ)

మాది వీణలు చేసే ఊరి పక్క. నేను బ్యాంకులో పడ్డాను కానీ మా మేనమామ ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. పగులంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి కాబట్టి ఆ 11 సెంటీమీటర్ల గురించి ఒక మాట చెబుతాను.

ముందు వంకర కంత అంచుని టార్చి వేసి చూడండమ్మా. చెక్క ఒకే ముద్దగా ఉందా, పొరలు పొరలుగా ఉందా? ఇలాంటి ఉబ్బెత్తు గిటార్లు చాలావరకు ప్లైవుడ్‌వే. మూడు పొరలు కనిపిస్తే మీరు పగులనుకునేది పైపొర చీలిక మాత్రమే. వేలితో మెల్లగా కొట్టుకుంటూ పోండి, పొర లేచిన చోట చప్పుడు డొల్లగా మారుతుంది. దానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. మామూలు చెక్క జిగురుని కొంచెం నీళ్ళతో పలచన చేసి, మందుల షాపులో దొరికే సిరంజితో సందులోకి ఎక్కించండి. పైన మైనపు కాగితం వేసి, ఇసక సంచి పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఇటుక పెట్టకండి, పలక ఉబ్బెత్తు కాబట్టి ఇటుక ఒక్కచోటే నొక్కుతుంది. సంచి అయితే ఒళ్ళంతా సర్దుకుంటుంది.

ఒకే చెక్క అయితే మాత్రం జిగురు విషయంలో తొందరపడొద్దు. మా మామయ్యలాంటివాళ్ళు వజ్రం బంక వాడతారు. వేడి నీళ్ళలో కరిగించి పూసే పాతకాలపు బంక. రేపు ఇంకెవరైనా విప్పాలంటే వేడి చూపిస్తే వదిలేస్తుంది. క్షణంలో అంటుకునే జిగురులు మాత్రం ఎవరు చెప్పినా పోయకండి.

ఇంకోటి. అటక మీద ఇక పెట్టొద్దు. మీ ఊళ్ళో మే నెలలో పైకప్పు కింద ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతాం, అలాంటి చోట పెడితే మైనం మెత్తబడి ఇరవై నాలుగు మెట్లూ కదిలిపోతాయి. గిటార్‌కి మైనం లేకపోయినా జిగురు ఉంది కదా.

డల్లాస్ డోబ్రో

ఇక్కడ ఒళ్ళో పెట్టుకుని వాయించే గిటార్ నేర్చుకుంటున్నాను, నాలుగేళ్ళయింది. ఒక్క విషయం చెప్పి పోతాను. స్పీకర్‌కి కలపాలనిపిస్తే సౌండ్ హోల్‌లో బిగించే అయస్కాంతం పికప్ (తీగల అదురుని కరెంటుగా మార్చేది) కొనకండి. మీ గిటార్‌కి బిగించడానికి చోటూ లేదు, పైగా కంచు చుట్టిన తీగల్ని అది సరిగ్గా పట్టుకోదు. ఎలక్ట్రానిక్స్ షాపులో బజర్‌లో వాడే 27 మిల్లీమీటర్ల ఇత్తడి పీజో బిళ్ళ అడగండి, అది చెక్క అదురుని పట్టుకుంటుంది, కాఫీ ఖరీదు కూడా ఉండదు. ముందు టేపుతో పైపలక మీద నాలుగైదు చోట్ల అంటించి విని, బాగున్న చోట లోపలి వైపు అతికించండి. వైరు షీల్డెడ్‌ది (చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) వాడాలి, లేకపోతే ఫ్యాను రెగ్యులేటర్ కూడా పాటలో వినిపిస్తుంది. నేరుగా మామూలు స్పీకర్‌కి పెడితే శబ్దం రేకు డబ్బాలా పలచగా ఉంటుంది, మధ్యలో చిన్న ప్రీయాంప్ (బలహీనమైన శబ్దాన్ని ముందే పెంచే పెట్టె) కావాలి.

పాత మెట్లు (సికింద్రాబాద్)

టీచర్ గారూ, తీగలన్నీ ఒకేసారి వదిలేశారా! సరే, మీరు మొదటివారు కాదు, చివరివారూ కారు. బ్రిడ్జ్ పాదాలు ఇన్నేళ్ళు ఒకేచోట ఉన్నాయి కాబట్టి వార్నిష్ మీద రెండు లేత మచ్చలు ఉంటాయి. దీపం ఏటవాలుగా పెట్టి చూడండి. అవి దొరికాక లెక్కతో సరిచూసుకోండి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 324 అయితే, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కి మళ్ళీ 324. మొత్తం 648, అంటే ఇరవై ఐదున్నర అంగుళాలు. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ పై షడ్జం పలుకుతుంది.

మామూలు గిటార్‌కైతే బ్రిడ్జ్‌ని ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతాం. తీగని ఫ్రెట్ దాకా నొక్కినప్పుడు అది సాగి శ్రుతి పెరుగుతుంది, ఆ పెరుగుదలకి విరుగుడుగా. మీ దాంట్లో ఎవరూ నొక్కరు. కాబట్టి సాపు లెక్క. మీకు నచ్చుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. దీన్ని మామూలు గిటార్‌గా మార్చొచ్చా? మార్చొచ్చు. టోపీ తీసేస్తే నట్ దగ్గర 8 తగ్గుతుంది, పన్నెండో ఫ్రెట్ సగంలో ఉంది కాబట్టి అక్కడ 4 తగ్గుతుంది. 9 కాస్తా 5 అవుతుంది. కావలసింది రెండున్నర. ఇంకో రెండున్నర దిగాలంటే బ్రిడ్జ్ దానికి రెట్టింపు, అయిదు దిగాలి. చక్రాలు తిరిగినా అంత దిగవు. పైగా బ్రిడ్జ్ అంచు చదును, బోర్డు గుండ్రం, కొత్త బ్రిడ్జ్ చేయించాలి. అన్నేళ్ళ లాగుడుకి మెడ కాస్తో కూస్తో వంగే ఉంటుంది. ట్రస్ రాడ్ లేకపోతే ఫ్రెట్లన్నీ పీకి, బోర్డు చదును చేసి, మళ్ళీ ఫ్రెట్లు కొట్టాలి. నేను చేస్తాను, డబ్బు తీసుకుంటాను, రెండేళ్ళకి మళ్ళీ వంగితే మీరు నన్ను తిట్టుకుంటారు.

అదే హవాయిన్‌గా ఉంచితే ఆ వంకర ఎవరికీ పట్టదు. కడ్డీ తీగనే తాకుతుంది, బోర్డుని తాకదు. ఫ్రెట్లు చూసుకోవడానికి గీతలంతే. షాపాయన చూసిన లోపాలన్నీ ఇక్కడ లోపాలు కావు. అమ్మాయికి వేరే గిటార్ చూడండి, ఆ విషయంలో మాత్రం కూకట్‌పల్లి తమ్ముడి మాటే నాదీ.

కాస్త పక్కదారి పడతాను, ఏమనుకోకండి. ఈ వాయిద్యాన్ని ఇప్పటి పిల్లలు చూడను కూడా చూడలేదు. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు 1880ల చివర్లో ఈ పద్ధతి మొదలుపెట్టాడంటారు. 1940లలో అక్కడి నుంచే వచ్చిన టౌ మో కలకత్తాలో కాపురం పెట్టి నేర్పాడు. మన దేశంలో ఈ గిటార్లు కలకత్తా నుంచే రావడంలో వింత లేదు. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ దగ్గర నేర్చుకుని, దీని మీద రాగాలు పలికించాడు. విశ్వమోహన్ భట్ ఇంకా ముందుకెళ్ళి అదే గిటార్‌కి శ్రుతి కోసం పక్కన మీటే చికారీ తీగలూ, కింద వాటంతట అవే మోగే తరప్ తీగలూ తగిలించి మోహన వీణ అన్నాడు. 1994లో గ్రామీ వచ్చింది. మన పాలకొల్లు శ్రీనివాస్ కూడా చేసింది అలాంటి పనే కదా. జంట తీగల మాండలిన్‌ని పక్కన పెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. వాయిద్యాన్ని మార్చుకోవడం తప్పు కాదు. మార్చేముందు అది ఇప్పటికే ఎవరి చేత, ఎందుకు మార్చబడిందో చూడకపోవడమే నాకు గిట్టదు. నా బల్ల మీదికి వచ్చే వాటిలో సగం, ఎవరో ఆకురాయి పట్టుకుని మంచి ఉద్దేశంతో పాడుచేసినవి.

సరే, పని. తీగలు 12 నంబరు సెట్ (అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు) ఒకటి కొనండి. మరీ సన్నవైతే కడ్డీ బరువుకి కుంగుతాయి. శ్రుతి ఓపెన్ డి: లావు తీగ నుంచి డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. మన లెక్కలో స ప స గ ప స, అంతర గాంధారం. ఇందులో ఏ తీగనీ మామూలు శ్రుతి కంటే పైకి లాగం, నాలుగు తీగలు దిగుతాయి కూడా. ముసలి మెడకి అది విశ్రాంతి. ఓపెన్ ఇ అని ఎవరైనా చెబుతారు, దానికి మూడు తీగలు పైకి లాగాలి, వద్దు.

బ్రిడ్జ్ చక్రాలకి కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క, ఒక రాత్రి ఆగి తిప్పండి. ప్లయర్‌తో బలవంతం చేస్తే మర పోతుంది. కీలు పాతవి మూడేసి ఒక పట్టీ మీద ఉంటాయి, ఒక్క బుడిపె కోసం వెతకడం కంటే జత కొనెయ్యండి. కొనేముందు తీగ చుట్టుకునే ఒక ఇరుసు మధ్య నుంచి పక్క ఇరుసు మధ్యకి కొలవండి, ఎక్కువగా 35 మిల్లీమీటర్లు ఉంటుంది. వేరే ఉంటే కొత్త కంతలు తొలవాల్సి వస్తుంది.

లెక్కల టీచర్ (రాజమండ్రి)

*అయిదు వారాల తర్వాత*

అడిగి మాయమైపోయిందనుకుంటారని రాస్తున్నాను. పరీక్షలూ పేపర్లూ మధ్యలో వచ్చాయి.

కంత అంచున మూడు పొరలే. సిరంజి, మైనపు కాగితం, ఇసక సంచి. ఇసకకి బదులు నేను రెండు కిలోల కందిపప్పు సంచి పెట్టాను, దిగ్విజయంగా పనిచేసింది. పప్పు తర్వాత వండుకున్నాం. చీలిక గీత ఇంకా కనిపిస్తుంది కానీ తడితే చప్పుడు ఒకేలా ఉంది.

లేత మచ్చలు దొరికాయి. అసలు నట్ నుంచి కొలిస్తే అవి 648 దగ్గర లేవు, 646 దగ్గర ఉన్నాయి. నాన్న రెండు మిల్లీమీటర్లు తప్పారా, నేను తప్పానా అని గంటసేపు కూర్చున్నాను. తర్వాత వెలిగింది: ఇత్తడి టోపీ గాడి అసలు నట్ అంచు మీద లేదు, రెండు మిల్లీమీటర్లు ఫ్రెట్ల వైపుకి ఉంది. తీగ అక్కడి నుంచి మొదలవుతుంది. అంటే ఆయన మొత్తం పొడవు రెండు వైపులా సమానంగా, పన్నెండో ఫ్రెట్ మధ్యకి వచ్చేలా సరిచేసుకున్నారు. అటు 322, ఇటు 322. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మచ్చల మీదే పెట్టాను.

కీలు 35 దగ్గరే సరిపోయాయి. ఖర్చు: తీగలు 600, కీలు 450, పీజో బిళ్ళలు, జాక్, షీల్డెడ్ వైరు కలిపి 180. మొత్తం 1,230. సాల్డరింగ్ చేసినవాడు నా పాత విద్యార్థి, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. డబ్బు తీసుకోలేదు. పదో తరగతి లెక్కల్లో మూడు మార్కులు కలిపానని వాడి నమ్మకం. నేను కలపలేదు. బిళ్ళ చివరికి బ్రిడ్జ్ సన్న తీగల వైపు పాదానికి రెండంగుళాల దూరంలో కుదిరింది. లావు తీగల వైపు పెడితే దుప్పటి కప్పినట్టు వినిపించింది. ప్రీయాంప్ ఇంకా కొనలేదు.

అమ్మాయి స్నేహితురాలి గిటార్ మీద మూడు కార్డులు (కలిపి మీటే స్వరాల జట్లు) నేర్చుకుంది, ఎండాకాలం సెలవుల్లో దానికి వేరేది కొంటాను. ఇది నేనే ఒళ్ళో పెట్టుకుంటున్నాను. కడ్డీని ఫ్రెట్‌కి వెనక కాకుండా సరిగ్గా ఫ్రెట్ గీత మీద పెట్టాలన్న సంగతి తెలియడానికి నాకు వారం పట్టింది. కడ్డీ వెనకున్న తీగల మీద మిగతా వేళ్ళు మెత్తగా ఆనించాలన్నది తెలియడానికి ఇంకో వారం. ఆ వారంలో పక్కింటావిడ వచ్చి, మేడ మీద పిల్లి ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడమంది.

పోయిన ఆదివారం అమ్మ వచ్చింది. స ప స తీగలు వరసగా మీటి, కడ్డీ అయిదో ఫ్రెట్ నుంచి ఏడుకి జార్చాను. అంతే, నాకు అంతకంటే రాదు. అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే "ఆయన అంత వేగంగా జరిపేవారు కాదు" అంది.

ఒక సందేహం మిగిలింది. కడ్డీ మీద ఒక వైపు మెరుగు పూత లేచిపోయి చిన్న గుంటలు పడ్డాయి, నలభై ఏళ్ళు ఏలకులు దంచితే పడవా మరి. అవి తీగ మీదికి వచ్చినప్పుడు బర్రుమంటోంది. దేంతో రుద్దాలి? అమ్మ చింతపండు అంటోంది.

పాత మెట్లు (సికింద్రాబాద్)

646 సంగతి చదివి టీ చల్లారబెట్టుకున్నాను. నేను టోపీ గాడి గురించి అడగనే లేదు, తప్పు నాదే.

చింతపండు వద్దు. మిగిలిన మెరుగు కింద కూడా తుప్పు మొదలవుతుంది. గాజు పలక మీద కడ్డీని దొర్లించండి. సాఫీగా దొర్లితే అది ఇంకా గుండ్రంగానే ఉన్నట్టు. నాలుగు సున్నాల స్టీలు ఉన్నికి మిషన్ నూనె రాసి తుప్పు వరకు తీసేసి, గుంటలున్న వైపు పైకి వచ్చేలా పట్టుకోండి. బాగున్న వైపు చాలు, కడ్డీ తీగని తాకేది ఒక్క గీత మేరకే. మెరుగు అంచులు గోరుకి తగిలితే మాత్రం ఇక దాన్ని తీగల మీద పెట్టొద్దు, తీగలు తెగుతాయి. ఏదైనా లేత్ షాపులో 19 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు, 75 మిల్లీమీటర్ల ముక్క కోయించి, ఒక చివర గుండ్రం చేయించి, అద్దంలా పాలిష్ పెట్టించండి.

లెక్కల టీచర్ (రాజమండ్రి)

గోరుకి తగులుతోంది. లేత్ షాపుకే వెళతాను. పాతది అమ్మ బ్యాగులో పెట్టుకుంది, కల్వం అక్కడే ఉంది కదా అంది.